మా వాకిట్లో గీసిన సున్నపు గీత

మా చిన్నప్పుడు... ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మా వాకిలి మధ్యలో తెల్లటి సున్నపు గీత ఒకటి కనిపించింది. కబడ్డీకి గీశారనుకుని నేను దాని మీద గెంతాను. అవ్వ చూసి గట్టిగా కసిరింది. అవ్వ అంటే మా అమ్మే... మా వైపు అమ్మను అట్లాగే పిలుస్తాం. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే, అది ఆట గీత కాదని, సర్కారు గీత అని చెప్పింది.

అప్పుడు మేము నిజామాబాదులో, బోధన్ రోడ్డు పక్కన మూతబడిన పల్లినూనె మిల్లు ఆవరణలో ఉండేవాళ్లం. మిల్లు కూలీల కోసం కట్టిన రేకుల ఇండ్ల వరుస అది. మిల్లు మూతబడ్డాక బాపు... అదే మా నాన్న, చెరుకు కొట్టే పనికి బోధన్ పోయేవాడు. అవ్వకు బీడీలు. ఇల్లు మాత్రం మాది కాదు, పొమ్మనేవాళ్లు లేక అందులోనే ఉంటున్నాం.

ఆ మిల్లు జాగాను రెండు ముక్కలు చేస్తున్నారని కొలతల సారు చెప్పిపోయాడట. ఒక ముక్కలో కొత్త ఇండ్లు, ఇంకో ముక్కలో జనానికి పార్కు. గీతకు అవతల పార్కు, ఇవతల ఇండ్లు. మా ఇల్లు ఇండ్ల వైపే ఉంది కాబట్టి ఉన్నచోటే మాకు పట్టా వస్తుందట... అవ్వ ముఖం చూడాలి ఆ పూట! బాపు తిరిగొచ్చేసరికి ఇల్లు మనదైపోతుందని కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పింది.

పట్టా సంగతి సరే... తెల్లవారితే వాకిలి ఊడవాలి కదా? ఊడ్చి, పెండ నీళ్లతో సాన్పు చల్లి, ముగ్గు వేశాకే మా వరుసలో ఏ ఇంట్లోనైనా పొయ్యి వెలిగేది. ఆ హడావుడిలో గీత చెరిగిపోతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. సారు గీత కాస్తా సాన్పు కింద పోయింది.

పొద్దెక్కాక గొడుగు పట్టుకుని సారు వచ్చాడు. వెంట కొలత గొలుసు పట్టే మల్లయ్య. సారు గీత కోసం వెతికి, ముగ్గు చూసి తల పట్టుకున్నాడు. మళ్లీ కొలిచి, మళ్లీ గీయించి, దీన్ని చెరపొద్దని మరీమరీ చెప్పిపోయాడు. మర్నాడు అవ్వ పాపం గీతను వదిలి అటూ ఇటూ జాగ్రత్తగానే ఊడ్చింది... కానీ సాన్పు నీళ్లు చెబితే వింటాయా? అవి పారి మళ్లీ గీత పోయింది.

ఈసారి సారుకు నిజంగానే కోపం వచ్చింది. నేల మీద గీత నిలిస్తేనే తాను కాగితం మీదికి ఎక్కించేదని, నాలుగు రోజులు ఊడవకపోతే కొంపలేమీ మునగవని విసుక్కున్నాడు. అవ్వకు ఒళ్లు మండింది.

"వాకిలి ఊడ్వకుంట, సాన్పు జల్లకుంట ఉండేది సావైన ఇంట్ల సారు. మా ఇంట్ల అందరు మంచిగున్నరు" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది చెప్పండి? సారు గొడుగు ముడిచి ఇంటి వెనక్కి నడిచాడు. అక్కడ ముళ్లకంప, పాత బూడిద తప్ప ఏమీ లేవు. ఊడ్చేవాళ్లూ లేరు. మా వరుస ఇండ్లన్నిటి వెనకగా గీత అక్కడ గీయించి, కాగితం మీద రాసుకుని, సైకిలెక్కి పోయాడు. తన వాకిలి తనకు దక్కిందని అవ్వ సంబరపడి మల్లయ్యకు మంచినీళ్లు తెచ్చింది.

మల్లయ్య చెంబు అందుకోలేదు. "అక్కా... గీత ఎనక్కి పోయింది గదా. గిప్పుడు నీ ఇల్లు పార్కుల పడ్డది" అన్నాడు మెల్లగా.

ఇదెక్కడి కొలతండీ? తలుచుకుంటే నాకు ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది. సున్నం చెరగని చోటు దొరికిందని మా ఇల్లు పోవాలా?

మర్నాడు అవ్వ చీపురు పట్టలేదు. ఆ మర్నాడూ పట్టలేదు. వాకిట్లో ఆకులు, మేకల పెంటికలు పేరుకుపోయాయి. ఇంట్లో ఎవరికేమైందని ఇరుగుపొరుగు వచ్చి అడిగేవారు. తాను ఊడవడం మానేయడం సారు చూస్తే గీతను మళ్లీ ముందుకు తెస్తాడని ఆమె ఆశ. ఆయన రానేలేదు. కొన్నాళ్లకు రాళ్లు పాతేవాళ్లు వచ్చారు... ఇంటి వెనక గీత మీదే పాతి పోయారు.

బాపు వచ్చి ఆఫీసు చుట్టూ తిరిగాడు. కాగితం మీద మా ఇల్లున్న చోట ఆకుపచ్చ రంగు పూసి ఉందట. రంగు పూశాక ఇక మార్చడం కుదరదట! మా వరుస వాళ్లం తలా ఒక దిక్కు అద్దె ఇండ్లకు పోయాం.

పోనీ ఆ పార్కయినా వెంటనే కట్టారా? లేదు. ఇండ్లు కూలగొట్టి వదిలేస్తే ముళ్లకంప మొలిచి, ఏళ్లకేళ్లు పందులు తిరిగాయి. దానికి గేటు పడేసరికి నాకు పెళ్లయి పిల్లలు కూడా పుట్టారు. అవ్వ బతికున్నన్నాళ్లూ ఆ గేటు లోపలికి అడుగు పెట్టలేదు.

మొన్న మనవరాలు మారాం చేస్తే నేను పోయాను. అబద్ధమెందుకు... పార్కు బాగుంది. ఊయలలు, పచ్చగడ్డి, పిల్లల కేరింతలు. గడ్డిలో కూర్చుని మా పొయ్యి ఎక్కడుండేదో పోల్చుకుందామని చాలాసేపు చూశాను, తెలియలేదు. చీకటి పడుతుంటే గేటు దగ్గర కాపలా ఉండే పిల్లవాడు విజిల్ ఊదుకుంటూ వచ్చాడు. "టైమైంది అమ్మా... ఇగ లేసి ఇంటికి పోండ్రి" అన్నాడు.

వాడికేం తెలుసు పాపం... లేచి వచ్చేశాను.

మీ ఊళ్లో కూడా ఇట్లా పార్కులో, రోడ్డులో కలిసిపోయిన ఇల్లు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి... వాకిలి ఎటువైపు ఉండేదో కూడా చెప్పండి.