మిరప కల్లంలో సైకిలు

పర్చూరులో షేర్ ఆటో అతను నన్ను చూసి, "ఒక్కళ్ళకే చోటుంది మేడమ్, మీరు వెనకాల ఆటోకి రండి" అన్నాడు. నేనూ ఒక్కదాన్నే. లోపల కూర్చున్నవాళ్ళలో ఒకావిడ అప్పటికే చీర కుచ్చిళ్ళు దగ్గరకు లాక్కుంటోంది. అతను ఎగతాళిగా ఏమీ అనలేదు. మనుషుల్ని సర్దడం అతని రోజువారీ పని. అలా మామూలుగా అనడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

నేను పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. చిన్నప్పటి నుంచీ లావే. అమ్మ ఉన్నన్నాళ్ళూ "దానిది ఎముక పుష్టి, అంతే" అని ఎవరితోనైనా వాదించేది. అమ్మ పోయి ఏడాది దాటింది. నా తరఫున మాట్లాడేవాళ్ళు లేక, అద్దెగదిలోంచి బయటికి వెళ్ళడమే తగ్గించేశాను. పెళ్ళిళ్ళకు కూడా చదివింపులు ఎవరో ఒకరి చేత పంపి ఊరుకునేదాన్ని.

ఆటోలో చోటు దొరకని ఆ వారంలోనే సైకిలు కొన్నాను. తొక్కడం రాదు. షాపతను "ఎవరికమ్మా?" అంటే "మా మేనకోడలికి" అన్నాను. నాకు మేనకోడళ్ళు ఎవరూ లేరు. పాలబండిలో వేయించి తిన్నగా మా అంగన్‌వాడీ సెంటరుకు చేర్చి, పిల్లల బియ్యం బస్తాల వెనక పెట్టి తాళం వేశాను.

సెంటరు వెనకే మిరప కల్లం. కోసిన కాయను తెచ్చి ఆ గట్టి నేల మీద ఎండబోస్తారు. సగం కల్లం ఎర్రగా పరిచి ఉండేది, మిగతా సగం ఖాళీ. పిల్లలు వెళ్ళిపోయాక, ఎండ ఇంకా చుర్రుమంటుండగానే, ఆ వేళప్పుడు ఎవరూ ఉండరని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. కాయకు కాపలాగా ఒక పెద్దావిడ టార్పాలిన్ పట్టా నీడలో కూర్చుని ఉంది. నేను వెనక్కి తిరగబోతుంటే పిలిచింది.

"నేర్చుకుంటానికా టీచరమ్మా?"

నేను తలూపాను. ఆవిడ నన్నూ సైకిలునూ కాసేపు చూసింది.

"నేను చూడన్లే. నీ పని నువ్వు చేసుకో" అని, కూర్చున్న గోనె మీదే అటు తిరిగి, పత్తి చేల వైపు మొహం పెట్టుకుంది.

తర్వాత రోజూ అంతే. నేను రాగానే అటు తిరిగేది. కానీ పడ్డ చప్పుడు వినపడుతుంది కదా.

"పడ్డావా?"

"పడ్డా పెద్దమ్మా."

"లేచావా?"

"లేస్తన్నా."

మా మధ్య అంతకు మించి మాటల్లేవు. గీరుకుపోయిన అరచేతుల్లో కారపు దుమ్ము చేరేది. గదికి వెళ్ళి నీళ్ళు పోసుకుంటే భగ్గున మండేది. ఒక్కదాన్నే ఏడ్చేదాన్ని. మంటకే ఏడుస్తున్నాను అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం సైకిలు పడలేదు. కాయను తప్పించుకుంటూ ఖాళీ నేలంతా చుట్టి వచ్చి, ఆవిడ వెనకాల ఆగాను.

"చూశావా పెద్దమ్మా?"

"చూడనన్నాగా" అంది, అటే తిరిగి.

ఎవరి కంటా పడకూడదని అంత దాక్కున్నాను. తీరా ఎవరూ చూడలేదంటే తొక్కినట్టే అనిపించలేదు. సైకిలు మళ్ళీ ఖాళీ నేల వైపు తిప్పాను.

"ఇప్పుడు చూడు" అన్నాను.

ఆవిడ తిరిగింది. నేను కొంగు నడుముకు దోపుకుని, ఎక్కి, మళ్ళీ చుట్టి వచ్చాను. నా నడుమూ, పిక్కలూ, ఆయాసం అన్నీ ఆవిడ చూస్తూనే ఉంది.

"బానే తొక్కుతన్నావ్. ఇంక రోడ్డెక్కు" అంది. "కాయ బస్తాలకెత్తేత్తన్నారు. నేనూ మా ఊరెల్లిపోతన్నా."

ఆవిడ వెళ్ళిపోయాక రోడ్డెక్కాను. మిరపకోత కూలీలతో ఒక ట్రాక్టరు వెనక నుంచి వచ్చింది. "టైరు జాగర్త టీచరమ్మా" అని ఒకామె అనగానే ట్రాక్టరు మొత్తం నవ్వింది. సైకిలు దిగిపోయాను. ఫోను చెవికి ఆనించుకుని, దాని కోసమే ఆగినట్టు "ఆ, చెప్పు, వింటున్నా" అంటూ నడిచాను. అవతల ఎవరూ లేరు. నిజంగా చేద్దామన్నా, ఆ సాయంత్రం నేను చేయగలిగిన నంబరు ఒక్కటీ గుర్తు రాలేదు.

మర్నాడూ దిగాను. ఆ మర్నాడు దిగలేదు. ధైర్యమేమీ రాలేదు, ఆ ఫోను మాటలు ఇంకోసారి నాతో నేను ఆడలేకపోయాను, అంతే. హ్యాండిలు బిగించి పట్టుకుని తొక్కుతూనే ఉన్నాను. ట్రాక్టరు నాకంటే వేగంగా పోయింది. నవ్వు కూడా దానితోపాటే ముందుకెళ్ళి, మలుపు దగ్గర వినపడకుండా పోయింది. రోడ్డు మీద నేనూ, గొలుసు చప్పుడూ మిగిలాం.

వానాకాలం వచ్చేసరికి ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి నేను అలవాటైపోయాను. ఎవరూ ఏమీ అనడం లేదు, అసలు చూడడమే మానేశారు. లావు తగ్గానా అంటే, జాకెట్లు అవే సరిపోతున్నాయి. ఆదివారాలు మాత్రం గదిలో ఉండబుద్ధి కాదు. మొన్న తొక్కుకుంటూ తొక్కుకుంటూ తెలియని ఊరి దాకా వెళ్ళాను. టీ బంకు అతను గ్లాసు అందిస్తూ, "ఎవరింటికొచ్చారండి?" అని అడిగాడు.

"ఎవరింటికీ కాదండి" అన్నాను.

అతను తలూపి ఇంకొకరికి టీ పోయడంలో పడ్డాడు. నేను బెంచీ మీద కూర్చుని, చెమట ఆరేదాకా, నిదానంగా తాగాను.