లఖ్దర్ చేసిన పన్నీరు పాత్ర

కాన్‌స్టంటీన్ నగరంలో మా రాగి పనివాళ్ల సందులో లఖ్దర్‌కు ఒకే ఒక్క మనిషి మీద కోపం. ఆ మనిషి పోయి వెయ్యేళ్లు దాటింది. బడి పుస్తకంలో రసాయన శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడని జాబిర్ బొమ్మ వేశారు. లఖ్దర్ ఆ గడ్డాన్నీ తలపాగానూ చూడలేదు, పక్కనున్న, ఆవిరి పట్టి నీళ్లుగా దించే పాత్రను చూశాడు.

"పాత్ర ముక్కు పైకి తిప్పారు. ఇంక ఆవిరి కిందికి దిగేదెట్లా? పేరు ఆయనదే, బొమ్మా ఆయనదే. ఆ పాత్ర చేసినోడి పేరేది?"

"కోపం జాబిర్ మీదా, బొమ్మ గీసినోడి మీదా?" అన్నాను.

"ఇద్దరి మీదా."

అతని చేతి పనికి వంక పెట్టినవాడు లేడు. మా చుట్టుపక్కల గులాబీల నుంచి పన్నీరు దించే పాత్రలన్నీ అతనివే. వాటి మూత మీది గిన్నెలో చల్లనీళ్లు పోసి, వేడెక్కగానే మార్చాలి. ఆ పనితో భార్య మబ్రూకాకు నడుం పట్టేస్తోందని ఒక వసంతంలో కొత్తది చేశాడు. దాని పొడుగాటి గొట్టం నీళ్లతొట్టిలోంచి చుట్టలు తిరిగి బయటికొస్తుంది.

గులాబీలు వచ్చాయి. వాకిట్లో సాంబ్రాణి వేసి, పాత్ర అతుకులు పిండిముద్దతో మూసి, దాని మీద తెల్లగుడ్డ కప్పారు. ఆ పొయ్యి దగ్గర చెడుమాట పడితే పన్నీరు చెడుతుందని మా ఆడవాళ్ల నమ్మకం. అలాంటిచోటికి నోటిదురుసు ఖద్దూజా పెద్దమ్మ వచ్చి కూర్చుంది. ఒంటరి విధవరాలు. ఏడాదిలో ఆమెకు మనుషుల మధ్య గడిచేది ఈ పన్నీరు రోజులే.

"ఏమిటే ఇది, మేక పేగులాగా," అంది గొట్టాన్ని చూసి.

మొదటి సీసా నిండింది. మబ్రూకా వాసన చూసి మొహం తిప్పుకుంది. జీలకర్ర, దాని వెనకే వెల్లుల్లి. అందరూ ఖద్దూజా వైపు తిరిగారు.

"పెద్దమ్మా, ఏమీ అనుకోకు. ఇకమీదట గులాబీల రోజుల్లో మా వాకిట్లోకి రావద్దు," అంది మబ్రూకా.

"మా ఇంటికీ వద్దులే," అంది పక్కింటామె.

ముసలామె నల్లముసుగు సర్దుకుని లేచి, సీసా ఒకసారి అందుకుంది.

"నా నోరు చెడ్డదే, ఒప్పుకుంటా. పాలు విరిగాయంటే నావల్లేనంటా. మరి ఈ జీలకర్ర ఎప్పుడు వేశానే?"

లఖ్దర్ గుమ్మం దగ్గర తన చెప్పులు పరీక్షిస్తున్నాడు. ముసలామె గడప దాటబోతుంటే అడ్డం నిలబడ్డాడు.

"కూర్చో పెద్దమ్మా. తప్పు నాది. నిన్న గొట్టం కారుతుందేమో చూద్దామంటే కొళాయిలో నీళ్లు రాలేదు. పొయ్యి మీద శనగల పులుసుంటే దాన్నే పోసి కాచా."

"తర్వాత కడగలేదా?" అంది మబ్రూకా.

"కడిగా. బయటివైపు."

ఖద్దూజా వెళ్లి పొయ్యికి అందరికన్నా దగ్గరగా కూర్చుంది. అప్పటినుంచీ మా వీధిలో కొత్త పాత్రకు ముందు వట్టినీళ్లు కాచి, ఆ నీళ్లు ఆమెకిస్తారు. ఆమె వాసన చూసి ఊఁ అంటేనే పాత్రలో గులాబీలు పడతాయి. ఆ సమయంలో ఆమె ఎంత చెడ్డమాటన్నా ఎవరూ పట్టించుకోరు.

ఆమె మాత్రం ఊఁ అనేముందు ఒకటే అడుగుతుంది:

"ఇది చేసిందెవరు?"

లఖ్దర్ పేరు చెప్పగానే రెండోసారి వాసన చూస్తుంది.