కాలిన ప్లేట్లు మీవే

ఆ లారీకి బ్రేకులు పట్టడం లేదని కంపెనీకి మొదట చెప్పినవాడు సుబ్బరామే. ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా "ఈ లోడొకటి దించి రాప్పా, రేపు చూద్దాం" అన్నారు. ఒకనాడు యశ్వంతనగర్ గనుల్లో ఇనుపరాయి నింపుకొని ఘాటు రోడ్డు దిగుతుంటే బ్రేకు పెడలు నేలకంటింది. లోయలో పడకుండా లారీని కొండవైపు తిప్పి గుద్దించాడు. వెనక రాయి మీద కూర్చున్న కూలీలందరూ బతికారు. నలిగిన ఇంజను రేకుల మధ్య సుబ్బరామి ఎడమకాలు ఇరుక్కుపోయింది. బళ్లారి ఆసుపత్రిలో మోకాలి పైదాకా తీసేశారు.

అతను ఇంకా మంచం మీద ఉండగానే కంపెనీలో ఒక మాట పుట్టింది. సుబ్బరామి జోరుగా తోలాడట, అందుకే లారీ కొండకు గుద్దుకుందట. పక్కమంచం వాళ్ల దగ్గర ఆ మాట విన్న అతని భార్య ఓబులమ్మ, చేతిలో ఉన్న గంజి గ్లాసు కింద పెట్టి, పరామర్శకు వచ్చిన మేనేజరు బసప్పను వరండాలోనే నిలేసింది.

"బ్రేకు పట్టలేదని ఆయప్ప మొత్తుకుంటే విన్నోళ్లు యాడికి పోయిరి? ఇప్పుడు జోరుగా తోలినాడని అంటాండారా? మీ నోట్లో మన్నుపడ!"

బసప్ప పండ్ల సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఆ పండ్లు ఓబులమ్మ ముట్టలేదు.

సుబ్బరామిది రూపనగుడిలో నల్లరేగడి భూములున్న రైతు కుటుంబం. చిన్న వయసులోనే సేద్యం తమ్ముడికి వదిలేసి స్టీరింగు పట్టాడు. బండి చప్పుడు వినకుండా నిద్రపట్టని మనిషి. అలాంటివాడికి గని యజమాని విరూపాక్షయ్య చేసిన ఉపకారం ఏమిటంటే, గేటు దగ్గర ఒక స్టూలు వేయించి, లారీ వచ్చినప్పుడల్లా అడ్డకర్ర ఎత్తే పని ఇవ్వడం. నిన్నటిదాకా తన దగ్గర నేర్చుకున్న డ్రైవర్లు దుమ్ము రేపుకుంటూ పోతుంటే, వాళ్లకు కర్ర ఎత్తుతూ కూర్చోవాలి. దాన్ని ఉపకారమని ఊరంతా మెచ్చుకుంది కూడా. "సావుకారి ధర్మాత్ముడు, ఇంకొకడైతే ఇంటికి పంపిచ్చుండు" అని తమ్ముడే అన్నాడు.

గేటు పక్కన రేకుల షెడ్డులో ఒక అమెరికా కారు కోళ్లకు గూడుగా పడి ఉండేది. విరూపాక్షయ్య కొడుకు రంగనాథ దాన్ని మోజుపడి తెప్పించుకున్నాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. మద్రాసు దగ్గర పందేలకు కూడా తీసుకుపోయాడు. అందరూ దాన్ని పందెం కారు అనేవాళ్లు. దానికి క్లచ్చు లేదు. గేర్లు తమంతట తామే మారతాయి. రంగనాథకు బండి మీద మోజే తప్ప దయ లేదు. ముందుకు పరిగెత్తే బండిని ఆపకుండానే వెనక గేరులోకి లాగేవాడు. గేరుబాక్సు పట్టు తప్పి జారడం మొదలయ్యాక, కంపెనీ మెకానిక్కు దానిలో లారీల గేర్లకు పోసే చిక్కటి ఆయిలు పోశాడు. దాంతో మిగిలిన ప్రాణం కూడా పోయింది.

ఒకరోజు సుబ్బరామి స్టూలు మీద కూర్చుని ఆ కారునే చూస్తూ చూస్తూ ఉలిక్కిపడినట్టు లేచాడు. క్లచ్చు లేని బండికి ఎడమకాలితో పనేముంది? బ్రేకుకూ, ఆక్సిలేటరుకూ కుడికాలు చాలు.

కారు తీసుకుపోతానని అడిగితే విరూపాక్షయ్య నవ్వాడు. "తీస్కపోప్పా. షెడ్డు ఖాళీ అయితాది. నువ్వేమి చేస్తావో చెయ్, మళ్లా నా దగ్గరికి మాత్రం తేవొద్దు." ఆ మాట బసప్ప, డ్రైవర్లు, కూలీలు అందరూ విన్నారు. తమ్ముడి ఎద్దులు కట్టి కారును రూపనగుడికి ఈడ్చుకొచ్చారు. కుంటోడు పందెం కారు తెచ్చాడని ఊరు నవ్వింది.

గేరుబాక్సు దించాలంటే కారు కిందికి దూరాలి. మొండికాలితో సుబ్బరామి దూరాడు గాని, బరువు మోయడానికి కాలు మోపే చోటు లేక విలవిల్లాడాడు. ఓబులమ్మ చూసి చూసి చీర గోచిపోసి కట్టుకొని తానే దూరింది.

"బయటికి రామ్మే, ఊరు చూస్తాంది" అన్నాడు సుబ్బరామి.

"చూడనీ. నీ కాలు పోయినప్పుడు ఊరు చూడలేదా? అప్పుడేమి చేసె? ఏ బోల్టు తిప్పల్ల చెప్పు."

అది విప్పడం లారీ గేరుబాక్సు విప్పినట్టు కాదు. లోపల పళ్ల చక్రాలతో పాటు పలకలు పలకలుగా పేర్చిన క్లచ్చు ప్లేట్లు, డ్రమ్మును చుట్టి పట్టుకునే ఇనుప పట్టీ, చీమల పుట్టలాంటి సన్న దారులున్న ఒక మందపాటి పలక ఉన్నాయి. సుబ్బరామికి ఏది ఏమిటో తెలియలేదు. బళ్లారి కౌల్ బజారులో కెంచప్ప అనే ముసలి మెకానిక్కు ఉన్నాడని ఎవరో చెప్పారు. యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసినవాడు. చేతులు వణుకుతాయని ఎవరూ పని ఇవ్వడం లేదు. బండి కట్టుకొని పోయి అతన్ని పిలుచుకొచ్చారు.

కెంచప్ప విప్పిన సామానును వాసన చూసి ముఖం చిట్లించాడు. "సుట్టు కరకలాగిదె నోడప్పా. కాలిపోయినాది. యుద్ధంలో చిన్న టాంకులకు ఇట్లాంటి గేరుబాక్సే ఉండె. దీనికి పళ్లచక్రాలు కాదు, ఆయిలే ప్రాణం. ఆయిలు తోస్తే ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవల్ల. రబ్బరు రింగులు రాయి మాదిరి అయిపోయినాయి, ఆయిలు కారిపోతాంది, ప్లేట్లు జారి జారి కాలినాయి." చెల్లెలిని పిలిచినట్టు ఓబులమ్మ వైపు తిరిగి, "తంగీ, నీ చేతులు వణకవు కదా? నేను చెప్తా, నువ్వు చెయ్" అన్నాడు.

అలా మొదలైంది. సన్న దారుల పలకను కిరసనాయిల్లో కడిగి, చీపురుపుల్లతో ఒక్కొక్క దారీ శుభ్రం చేసింది ఓబులమ్మ. చిక్కటి ఆయిలు జిగురులాగా పట్టి చిన్న చిన్న కవాటాలు కదలకుండా బిగుసుకుపోయి ఉన్నాయి. అవి తమ బరువుకే జారేదాకా వదలొద్దన్నాడు కెంచప్ప. రింగులు దొరక్క, నీళ్ల పంపుకు వేసే తోలు వాషర్లు కోసి అమర్చారు. కాలిన ప్లేట్లనే రుద్ది మళ్లీ పేర్చారు. కారు వాకిలి దాటింది, వీధి చివరిదాకా పోయింది, వేడెక్కగానే మళ్లీ ఇంజను అరవడమే తప్ప బండి కదల్లేదు. ఊరి ముందర ఆగిపోయిన కారును అందరూ కలిసి తోసుకొచ్చారు.

బళ్లారి బజారులో గుడ్డల వ్యాపారం చేసే గురురాజ తరచుగా బొంబాయి పోయేవాడు. సుబ్బరామి ఒకప్పుడు అతని సరుకు లారీలో వేసుకొచ్చేవాడు. కెంచప్ప కొలతలు తీసిచ్చాడు, పాత ప్లేట్లలో ఒకటి నమూనాకు ఇచ్చాడు. గురురాజ బట్టల మూటల మధ్య కొత్త ప్లేట్లు, రబ్బరు రింగులు, ఆ గేరుబాక్సుకే పోసే ఎర్రటి పలచని ఆయిలు డబ్బాలు పెట్టుకొని తిరిగొచ్చాడు. వాటి కోసం ఓబులమ్మ నడుముకున్న వెండి వడ్డాణం పోయింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు, ఎవరైనా ఎత్తినా ఊరుకునేది కాదు.

ఈసారి ప్లేట్లను ఆయిల్లో నానబెట్టి పేర్చారు. పట్టీ మరను బిగుసుకునేదాకా తిప్పి, కెంచప్ప చెప్పినంత మేర వెనక్కి వదిలి నట్టు బిగించింది ఓబులమ్మ. బండి కదిలింది. కానీ గేరు మారాల్సిన చోట మారలేదు, మారినప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదిపేది. ఇంజను నుంచి గేరుబాక్సుకు పోయే కడ్డీ పొడుగును బట్టి గేరు ముందూ వెనకా మారుతుందని కెంచప్ప చెప్పాడు. ఇక్కడ అక్కరకొచ్చింది సుబ్బరామి ఒళ్లే. ఊరి బయట ఎత్తుమీద నడిపి చూసేవాడు. "ఇంకా ముందే మారుతాండాది" అంటే ఓబులమ్మ కిందికి దూరి కడ్డీని కొంచెం తిప్పేది. మళ్లీ నడిపేవాడు. చివరికొకసారి గేరు మారింది కూడా తెలియనంత మెత్తగా బండి ఎత్తెక్కింది. సుబ్బరామి బండి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఓబులమ్మ తలుపు తీసి, "ఏమైంది? మళ్లా జారెనా?" అని కంగారుపడింది.

"లేదే. పోతాండాది" అన్నాడతను.

కాలు పోయాక పాత లైసెన్సు చెల్లదు కాబట్టి కొత్తదాని కోసం బళ్లారి ఆఫీసుకు పోతే అక్కడి అధికారి కుర్చీలోంచి లేవలేదు. "కాలిల్లదవనిగె లైసెన్సా? హోగప్పా, హోగు" అని, కాలు లేనివాడికి లైసెన్సేమిటి పొమ్మన్నట్టు చెయ్యి విదిలించాడు. బండికి క్లచ్చే లేదు సామీ, ఒకసారి బయటికొచ్చి చూడమంటే, బండ్లు చూసేది నీ దగ్గర నేర్చుకోవాల్నా అన్నాడు. కాలున్నవాడు తాగి తోలినా లైసెన్సు ఉంటుంది. కూలీలను బతికించి కాలు పోగొట్టుకున్నవాడికి మాత్రం కనీసం చూపు కూడా దక్కదు.

అంతలో కారు నడుస్తున్న సంగతి విరూపాక్షయ్య చెవిన పడింది. బసప్ప ఇద్దరు మనుషులతో, ఒక డ్రైవరుతో రూపనగుడికి వచ్చాడు.

"కారు కంపెనీది. రిపేరికని ఇచ్చినాము. చిన్న సావుకారి అడుగుతాండాడు."

సుబ్బరామి చంకకర్ర మోపుకొని అరుగు దిగాడు. "రిపేరికా? మళ్లా నా దగ్గరికి తేవొద్దని మీ సావుకారి అన్ల్యా? నువ్వు పక్కనే ఉంటివి కదప్పా!"

"అన్నాడేమో. కాగితం ఉండాదా?"

ఓబులమ్మ లోపలికి పోయి ఒక గంప తెచ్చి బసప్ప కాళ్ల ముందర కుమ్మరించింది. నల్లగా మాడిపోయిన ప్లేట్లు, పగిలిన రింగులు, గడ్డకట్టిన లారీ ఆయిలు.

"కాగితం లేదు. కారు మీదే, తీస్కపోండి. ఈ కాలిన ప్లేట్లూ మీవే. మేము పెట్టినవి మావి. ఏ మాదిరి ఇస్తిరో ఆ మాదిరే చేసి ఇస్తాం. అంతవరకు అరుగు మీద కూకోండి."

బెదిరింపు అనుకొని బసప్ప నిజంగానే కూర్చున్నాడు. ఆమె కారు కిందికి దూరి మర తీసేసరికి ఎర్రటి ఆయిలు బేసినులో పడటం చూసి లేచాడు. సుబ్బరామి, "ఓబులమ్మా, వద్దే" అన్నాడు. ఇన్ని నెలల పని అది. ఆమె కారు కిందనే ఉండి, "వాళ్లకు వదిలేదానికి నా ఒళ్లు ఒప్పదు. నీకొప్పుతాదా?" అంది. అతను స్పానర్ల పెట్టె ఆమె వైపు తోశాడు.

బసప్ప వెనక్కి పోయి చెప్తే విరూపాక్షయ్య స్వయంగా వచ్చాడు. అప్పటికి కాలిన ప్లేట్లు లోపలికి పోయాయి.

"ఇంత పొగరేందమ్మా? ఉపకారం చేసినోళ్లతో ఇట్లా నడుచుకుంటారా?"

"ఉపకారమా?" అన్నాడు సుబ్బరామి. "బ్రేకు పట్టలేదని చెప్పినాను. జోరుగా తోలినానని చాటిస్తిరి. స్టూలేసి కర్ర ఇస్తిరి. పారేసిన బండిని మేము బతికించుకుంటే అదీ కావాలంటాండారు. మీ ఇంటి కారు మీకు ఒప్పజెప్తాండాము సావుకారప్పా. ఎద్దులు కూడా మావే కట్టిస్తాము. తోలుకపోండి."

చుట్టూ ఊరు నిలబడి ఉంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. విరూపాక్షయ్య కారెక్కకుండానే వెళ్లిపోయాడు. పందెం కారు ఎద్దుల వెనక ఈడ్చుకుంటూ యశ్వంతనగర్‌కు పోయింది. సుబ్బరామి మళ్లీ గేటు దగ్గరికి పోలేదు.

ఈ సంగతి విని అందరికన్నా ఎక్కువ మండిపడినవాడు గురురాజ. అంతకుముందే అతనొకసారి ఆ కారెక్కి ఊరంతా తిరిగి చూశాడు. ఆదోనిలో ఒక డాక్టరు ఇంటి ముందర అదే రకం కారు గేరుబాక్సు చచ్చి పడి ఉందని వెతికి పట్టుకొని కొన్నాడు. "మా ఇంటికి కారు కావల్ల. బాగుచేసేది మీరు. తోలేది నీవు" అన్నాడు సుబ్బరామితో. కెంచప్ప మళ్లీ వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. ఓబులమ్మ మళ్లీ కిందికి దూరింది. దాచిన ప్లేట్లు, రింగులు అచ్చంగా సరిపోయాయి.

ఈసారి సుబ్బరామి లైసెన్సు ఆఫీసులో బతిమాలలేదు. గురురాజ తోలుకొచ్చి గేటు దగ్గర దిగగానే స్టీరింగు ముందుకు జరిగి, కారును ఆఫీసు గేటుకు అడ్డంగా నిలిపి, గేరు బిగించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. జవాన్లు తోశారు. కారు కదల్లేదు. లోపలి జీపు బయటికి రాలేదు, బయటి లారీలు లోపలికి పోలేదు. అధికారి అరుస్తూ వచ్చాడు.

"పోలీసులను పిలువు సామీ, వస్తాను. జైలుకైనా వస్తాను. కానీ ముందర ఈడ కూకో. నేను తోలలేదని చూసి చెప్పు. చూడకుండా చెప్పొద్దు."

జనం మూగారు. లారీడ్రైవర్లు "కుండ్రి సార్, కుండ్రి" అని, కూర్చోమని అరిచారు. సిగ్గుతోనో, జీపు బయటికి రావాలనో అధికారి ఎక్కి కూర్చున్నాడు. కోట గుట్ట పక్కన ఎత్తులో నడిమధ్య ఆపమన్నాడు, ఆపాడు. మళ్లీ తీయమన్నాడు. బండి వెనక్కి వేలెడు కూడా జారకుండా ముందుకు పోయింది. తిరిగొచ్చాక అధికారి మెచ్చుకోలేదు, క్షమించమనలేదు. ఆ ఒక్క కారుకే చెల్లేలా లైసెన్సు రాసి, బల్ల మీదికి విసిరినట్టు తోశాడు. సుబ్బరామి కూడా దండం పెట్టకుండానే తీసుకున్నాడు.

కోతల కాలంలో సుబ్బరామి గురురాజను కారడిగి ఓబులమ్మను పుట్టింటికి, హచ్చొళ్ళికి తీసుకుపోయాడు. కాలువ గట్టు వెంట వరి కోస్తున్నవాళ్లు కొడవళ్లు ఆపి చూశారు. ఓబులమ్మ అన్న ఎదురొచ్చాడు. చెల్లెలి మొగుడి పని అయిపోయిందని, పుట్టింటికి వచ్చేయమని ఆసుపత్రి రోజుల్లో కబురుపెట్టిన మనిషి అతను. కారు చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"డ్రైవరు యాడమ్మా?"

"ముందర కూకున్నోడు కనపడల్యా నీకు?" అంది ఓబులమ్మ. "నీళ్లియ్యి ఆయప్పకు. ఎండన పడి తోలుకోని వచ్చినాడు."