పడవ మీంచి తీసిన మబ్బు ఫొటో

కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నా, పిల్లలు గోల చేస్తున్నారని ఇవాళ అమరావతి వెళ్ళాం. పక్క కల్లం మస్తాన్‌బీ అక్కతో "మా కాయల మీద ఓ కన్నేసి ఉంచక్కా" అని చెప్పి బయల్దేరాం.

స్తూపం చూసి, మధ్యాహ్నం కృష్ణలో పడవెక్కాం. నది మధ్య నుంచి గుడి గోపురం చూస్తుంటే పడమర నల్లటి మబ్బు లేచింది. ఎండ చల్లబడింది. "ఎంత బాగుందో!" అంది మా ఆవిడ. నేను కొత్త సెల్లుతో ఫొటోలు తీశాను. మా ఊరు ఉన్నది ఆ పడమరే. కాయలు కల్లంలో పెట్టుకుని మబ్బును చూసి మురిసిపోయిన రైతు నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సాయంత్రం వచ్చేసరికి కల్లాల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. మా కాయల మీద టార్పాలిన్ పట్టలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఆ పట్టలు అక్కవి. మావి ఇంట్లో పెట్టి తాళమేసుకుని పోయాం. అక్క కాయలు తడిసి ముద్దయ్యాయి.

"నీవి వదిలేసి మావి కప్పావేంటక్కా?"

"చూస్తానని మాటిచ్చా గదా అబ్బాయ్. మీరేమో ఊళ్ళో లేకపోతిరి."

తడిసిన కాయ తెల్లబారి ధర పడిపోతుందని ఇద్దరికీ తెలుసు.

"సర్లేగానీ, పడవెక్కారంటగా, ఫొటోలేవీ?" అంది.

సెల్లులో చార్జింగ్ అయిపోయిందని అబద్ధమాడాను. అన్నిటికంటే బాగా వచ్చింది ఆ మబ్బు ఫొటోనే. రేపు మళ్ళీ అడుగుతుంది. మీరైతే చూపిస్తారా?