లొట్లు మోయని సైకిల్

మా బాపు తాటిచెట్లు గీసేవాడు. పొద్దున దించిన కల్లును రెండు మట్టి లొట్లలో పోసి, సైకిల్ క్యారియర్‌కు చెరో పక్క కట్టుకుని కోరుట్లకు పోయేవాడు. ఎండెక్కితే కల్లు పులిసిపోతుంది, తాగేవాళ్లు మొహం తిప్పుకుంటారు. అందుకే ఆయనకు సైకిల్ కావాలి. ఆ నల్ల సైకిల్ మీదే నేను సీటెక్కితే కాలందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కైంచి తొక్కడం నేర్చుకున్నాను. ఎంత బరువేసినా కిక్కురుమనేది కాదు.

తెలంగాణ కోసం రోజుకో బంద్ నడుస్తున్న కాలం. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనికి కుదిరాను. బంద్‌కు మగ్గాలాగి, మొదటి జీతంతో ఇంటికి రాగానే నాకు పెద్దరికం ముంచుకొచ్చింది. బాపును అడగకుండానే పాత సైకిల్ జగిత్యాల షాపులో ఇచ్చేసి, తళతళలాడే కొత్తది తెచ్చాను. బాపు దాని చుట్టూ తిరిగాడు. క్యారియర్ కడ్డీ పట్టుకుని ఊపాడు.

"లొట్లు ఆగుతయా కొడుకా?"

"కొత్త బండి బాపూ, ఎందుకాగయి?"

నాకేం తెలుసని అన్నానో.

నాలుగో రోజు కోరుట్లలో నడిరోడ్డు మీద వంటావార్పు. బాపును కల్లు తెమ్మన్నారు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. బాపు మా ముందుకొచ్చి బ్రేకేశాడో లేదో, క్యారియర్ విరిగి రెండు లొట్లూ పగిలాయి. కల్లు పొయ్యి రాళ్లదాకా పారింది. నినాదాలు ఆగాయి. ఎవరో సైకిల్ లేపి, కింద అక్షరాలు చదివి, "ఇది చైనాల చేసిందే" అన్నారు. ఎవరి కాలికీ గుచ్చుకోకుండా బాపు పెంకులేరుతున్నాడు. నాకు సిగ్గు కూడా వేయలేదు. లోపల ఏమీ లేదు.

బంద్ విడిచాక పాత సైకిల్ కోసం జగిత్యాల పోయాను.

"అది ఎప్పుడో కోసి తూకానికేసిన," అన్నాడు షాపాయన. "గసొంటియి ఇప్పుడు మాకు అస్తలెవ్వు. కంపెనీ పేరు గదే, బండి బయటి దేశంల తయారై డబ్బాల అస్తది. నేను బోల్టులు బిగిస్త, గంతే."

ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. సైకిల్ తేలిగ్గా ఉంటే మంచిదంటారు. తొక్కేవాడికి మంచిదే. మోసేవాడిని ఎవరడిగారు? నేనే అడగలేదు.

విరిగిన క్యారియర్‌కు వెల్డింగ్ చేసినాయన, మనిషి ఎక్కొచ్చు, బరువు పెట్టొద్దన్నాడు.

మర్నాడు బాపు అటక మీది కావడి దించాడు. పట్టుకోబోతే నాకివ్వలేదు. ఆయన భుజాన రెండు లొట్లు. పక్కన ఖాళీ సైకిల్ మీద నేను. కొంత దూరం పోయాక ఆగి, భుజం మార్చుకున్నాడు.

"నువ్వు తొక్కుకుంట పో కొడుకా. నాతోని మెల్లగ తొక్కితే నీ కాళ్లు గుంజుతయి."

పోయాను.