భయం లేదన్న మనిషి

2021లో, కరోనా రెండో విడత కాస్త తగ్గాక, నేను టెక్కలి నుంచి ఉద్దానం పల్లెలకు తిరిగేదాన్ని. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడిగి, జవాబులు ట్యాబ్‌లో ఎక్కించే పని. చాలా దేశాల్లో అడుగుతున్న ప్రశ్నలనే మాకూ ఇచ్చారు. ఆ ప్రశ్నల వరసను స్కేల్ అంటారు. థర్మామీటర్ జ్వరాన్ని కొలిచినట్టు అది కరోనా భయాన్ని కొలవాలి, ఏ భాషవాళ్ళనడిగినా ఒకేలా. తెలుగులో నేను, ఇచ్ఛాపురం వైపు ఒడియాలో నా స్నేహితురాలు సుభద్ర అడిగేవాళ్ళం.

పలాస దాటుతుంటే జీడిపిక్కలు కాల్చే వాసన, ఆ తర్వాత కొబ్బరితోటలు, చివరికి ఉప్పుగాలి. ఆ ఆటో ప్రయాణాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది.

వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక మత్స్యకారుల ఊళ్ళో అప్పన్న అనే పెద్దాయనను కలిశాను. కిడ్నీలు పాడై వేట మానేశాడు. పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నాడు, అంటే మిషన్‌తో రక్తం శుభ్రం చేయించుకోవడం.

"కరోనా అంటే భయమేస్తుందా, మావయ్యా?"

"నాకేటి భయం? సంద్రంలో తిరిగినోడిని."

"తలుచుకుంటే చేతులకు చెమట పడుతుందా?"

"ఈ ఉక్కలో సెమట పట్టనోడెవుడమ్మా?"

అన్నిటికీ అదే వరస. ఆ ఊళ్ళో అందరికన్నా తక్కువ స్కోరు ఆయనదే. మా మాట కలపకూడదన్నది నియమం కాబట్టి, చెప్పింది చెప్పినట్టే ఎక్కించి ట్యాబ్ మూసేశాను. అరుగు దిగుతుంటే ఆయన భార్య నీలమ్మ వెనకే వచ్చింది.

"కాళ్ళు ఎలా పొంగిపోనాయో సూసినావా? పోయినవారం నుంచీ డయాలసిస్‌కి ఎల్లనంతన్నాడు. ఏటి సెప్పినా ఇనడు."

వెనక్కి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఎందుకు వెళ్ళడం లేదని అడిగాను.

"ఆస్పత్రిలో ఆ కరోనా అంటుకుని పోతే మరి ఇంటికి తేరట. సంచిలో మూట కట్టి అక్కడే తగలెట్టేత్తారట. నా కొడుకు నా మొకం సూడొద్దా?"

"అది భయం కాదా, మావయ్యా?"

"భయమంటే పారిపోడం. ఇది బెంగమ్మా."

డయాలసిస్ సెంటర్ నర్సుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. కరోనా ఉన్నవాళ్ళను ఆ గదిలోకి రానివ్వరని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "ఇంకా ఆలస్యం చేస్తే ఆయాసం వచ్చేస్తుంది బాబూ" అంది. నేనూ తోడొస్తానంటే ఆయన తలూపాడు.

మర్నాడు ముగ్గురం ఒకే ఆటోలో వెళ్ళాం. మిషన్ ఆగేదాకా నీలమ్మా నేనూ వరండాలోనే ఉన్నాం. తిరిగొస్తూ ఆయనే టీ కొట్టు దగ్గర ఆటో ఆపించాడు. కిడ్నీ జబ్బుకు నీళ్ళు ఎక్కువ తాగకూడదు కదా, సగం గ్లాసు తాగి మిగతాది నీలమ్మకిచ్చాడు.

విశాఖలో జరిగిన మా సర్వే మీటింగ్‌లో ఈ సంగతి చెప్పాను. ఒడియా ఊళ్ళలోనూ భయం లేదంటూనే ఆస్పత్రి మానేసినవాళ్ళు ఉన్నారని సుభద్ర చెప్పింది. అప్పుడు రెండు భాషల్లోనూ ఒక ప్రశ్న కలిపారు: "కరోనా వల్ల ఏ పని మానేశారు?" భయమనే మాట దగ్గర బిగుసుకుపోయినవాళ్ళు ఈ ప్రశ్నకు నోరు విప్పారు.

అప్పన్న ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. ఇంట్లోనే, కొడుకు ఒళ్ళో తల పెట్టుకుని పోయాడని నీలమ్మ ఫోన్‌లో చెప్పింది.

ఇప్పుడు ఏ సర్వేకి వెళ్ళినా, భయం లేదని ఎవరైనా చెబితే అలాగే ఎక్కిస్తాను. ఈమధ్య ఏం మానేశారో తెలుసుకునేదాకా మాత్రం అక్కణ్ణించి లేవను.