చెడిపోని కారును తోసినవాళ్లు

మనిషి పరువు పోవడానికి వంద దారులున్నాయి. నేను మాత్రం అద్దాలు మూసుకుని, ఏసీ వేసుకుని, మెత్తటి సీట్లో కూర్చుని వెళ్లే దారి ఎంచుకున్నాను. ఆ ప్రయాణం ఎలా ముగిసిందో చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. మధ్యలో ఎక్కడైనా నామీద జాలి పుడితే మాత్రం కాస్త ఆగండి. దానికి నేను ఎంతమాత్రం తగనని ఇంకో పేరా చదివితే మీకే తెలుస్తుంది.

అప్పటికి నాకు నలభై నిండాయి. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు అరల్లో సర్దే ఉద్యోగం. బడిలో చదివింది ఇంటర్మీడియట్ దాకానే గానీ, సర్దుతూ సర్దుతూ చదివినదానికి లెక్కలేదు. ఖగోళశాస్త్రం మొదలుకుని కోళ్ల పెంపకం దాకా ఎవరు ఏ సంగతి ఎత్తినా, ‘దానిమీద ఒక పుస్తకం ఉందప్పా’ అని నేను మొదలుపెట్టేవాణ్ణి. మొదలుపెట్టగానే సగం మంది లేచిపోయేవారు. పెళ్లి కాలేదు. తార్నాకలో రెండు గదుల ఇల్లు. నేనుండేది ఒక గదిలో, పుస్తకాలుండేది రెండు గదుల్లోనూ.

నేను మొదలుపెట్టినా లేచిపోని మనుషులు ఇద్దరే ఇద్దరు ఉండేవారు. ఒకరు రత్నం మాస్టారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు. ఆదివారం వచ్చిందంటే చర్చి పనులన్నీ ఆయన మీదే. రెండోవాడు యాదగిరి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే ముగ్గురం క్యాంపస్ రోడ్ల మీద చెట్ల కింద నడిచేవాళ్లం. నడక అయ్యాక గేటు పక్కన చాయ్ బండి దగ్గర నిలబడి లోకాన్ని సరిచేసేవాళ్లం. తర్వాత యాదగిరి డ్యూటీకి, నేను లైబ్రరీకి, మాస్టారు ఇంటికి. యాదగిరి డ్యూటీ బట్టల్లోనే నడకకు వచ్చేవాడు. ఖాకీ ఏ రంగో, గ్రీజు ఏ రంగో తేల్చాలంటే దానికీ ఒక పుస్తకం కావాలి.

అలాంటి రోజుల్లో నేను కారు కొన్నాను.

మామూలు కారు కాదు. విదేశీ కంపెనీది, ముందు మెరిసే గుర్తు ఉన్నది. ఆ కంపెనీ చేసేవాటిలో అన్నిటికంటే చిన్నది, పైగా సెకండ్ హ్యాండ్‌ది. అంటే, గొప్పవాళ్ల పెళ్లిలో చివరి బంతిలో కూర్చున్నట్టన్నమాట. కానీ లోపల సీట్లు! పాల మీగడ రంగు తోలు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారు పెద్దలు. మాట్లాడే మనిషి లేడు, కారులో ఆరు స్పీకర్లు అని నా గురించి అనాల్సింది.

తెచ్చిన మర్నాడే చాయ్ బండి దగ్గర ఆపి, “యాదగిరీ, ఎక్కు. ఈ రోజు లాలాగూడలో నేను దించుతా” అన్నాను. యాదగిరి ముఖం వెలిగిపోయింది. తలుపు తీశాడు. సరిగ్గా అప్పుడే నా కళ్లు అతని ప్యాంటు మీద పడ్డాయి, అక్కణ్ణించి మీగడ సీటు మీద పడ్డాయి.

“ఒక్క క్షణం ఆగు” అని వెనక సీట్లోంచి పాత పేపరు తీసి సీటు మీద పరిచాను. ముడతలు లేకుండా, నాలుగు మూలలా సర్ది మరీ పరిచాను. సర్దడం నా వృత్తి కదా.

యాదగిరి ఆ పేపరు వంక చూశాడు. నా వంక చూశాడు. తలుపు మెల్లగా మూశాడు, గీత పడకుండా.

“నాకు నడుసుడే అలవాటన్నా” అని వెళ్లిపోయాడు.

ఇంకా జాలిగా ఉందా?

ఆ తర్వాత నేను నడకకు వెళ్లలేదు. పొద్దున్న కారు తుడవడానికే సరిపోయేది అని చెప్పుకునేవాణ్ణి. నిజానికి యాదగిరి ముఖం చూడలేకపోయాను. రోజూ చాయ్ బండి ముందునుంచే వెళ్లేవాణ్ణి, అద్దాలు ఎత్తుకుని. వాళ్లిద్దరూ మొదట్లో చెయ్యి ఊపారు. తర్వాత తల ఊపారు. తర్వాత చాయ్ గ్లాసులోకి చూసుకోవడం మొదలుపెట్టారు. బయట వాళ్ల నోళ్లు కదిలేవి, లోపల ఆరు స్పీకర్లు మోగేవి. రత్నం మాస్టారు నవ్వితే ఆ నవ్వు ఎందుకో తెలిసేది కాదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఉలిపికట్టెకైనా ఏసీ లేదు కాబట్టి అద్దం దించేది.

పక్క సీట్లో లైబ్రరీ పుస్తకాల సంచి పెట్టేవాణ్ణి. ఒకరోజు సంచి బరువెక్కి, కారు టింగ్ టింగ్ అని మొత్తుకోవడం మొదలుపెట్టింది. చూస్తే, పక్క సీట్లో మనిషి కూర్చున్నాడు, బెల్టు పెట్టమని దాని గోల. ఎంత చెప్పినా వినదు. చివరికి సంచికి బెల్టు పెట్టాను. రెండు నెలలు నా పక్కన కూర్చుని ప్రయాణం చేసింది ఆ సంచి ఒక్కటే. ఒకసారి గతుకులో పడినప్పుడు దాన్ని చేత్తో పట్టుకుని “జాగ్రత్త” అన్నాను కూడా. ఈ సంగతి ఎక్కడా చెప్పకండి.

ఇక అసలు ఘనకార్యానికి వస్తున్నాను.

కారుతోపాటు దాన్ని గురించిన చిన్న పుస్తకం ఒకటి ఇచ్చారు. దాని అట్ట మీద రచయిత పేరు లేదు. రచయిత పేరు లేని పుస్తకాన్ని నేను ముట్టను, అది నా నియమం. దాని బదులు మా లైబ్రరీ కింది అంతస్తులో, చెదలు సగం చదివేసిన మోటారు కార్ల గ్రంథం ఒకటి పట్టుకుని మూడుసార్లు చదివాను. దాని ప్రకారం ఇంజన్ ఆగితే పదకొండు కారణాలు, తొమ్మిదింటికి మందు తొయ్యడమే.

రెండు నెలలకు పాత బ్యాటరీ పోయి కొత్తది వేయించాను. మర్నాడు గేటు ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర బ్రేకు తొక్కానో లేదో, ఇంజన్ గుటుక్కున ఆగిపోయింది. సరిగ్గా చాయ్ బండి ఎదురుగా! బ్రేకు మీదనుంచి కాలు తీస్తే ఏమవుతుందోనని దాన్ని అలాగే బిగించి, హారన్ కొట్టాను. అద్దం దించాను. రెండు నెలల తర్వాత వాళ్ల వైపు అద్దం దించడం అదే మొదటిసారి.

“మాస్టారూ! యాదగిరీ! కాస్త ఇటు వస్తారా? బండి ఆగిపోయింది.”

ఇద్దరూ వచ్చారు.

“ఏమైందయ్యా ఓబులేసూ?” అన్నారు మాస్టారు.

“కార్బురేటర్లోకి పెట్రోలు ఎక్కువై ముంచేసినట్టుంది మాస్టారూ. గ్రంథంలో ఉంది. తొయ్యాలి.”

యాదగిరి నా ముఖంలోకి అదోలా చూశాడు. “గీ కాలం బండ్లె కార్బురేటరా?” అన్నాడు. తర్వాత కిటికీలోంచి తొంగి కిందికి చూశాడు. “కాలు ఏడ వెట్టినవ్ అన్నా?”

“బ్రేకు మీద. బండి జారిపోకుండా.”

“మంచిగ వెట్టినవ్. అట్లనే ఉంచు” అని వెనక్కి వెళ్లాడు. “మాస్టారూ, చెయ్యి వెట్టుండ్రి. ఐలేసా! అన్నా, ఇగ కాలు తీయ్!”

తీశాను. ఇంజన్ గర్రుమంది. ఇద్దరూ కేకలు పెట్టారు. చాయ్ బండి రహీం భాయ్ ఈలవేశాడు. ముగ్గురం కలిసి చాయ్ తాగాం. రెండు నెలల తర్వాత! యాదగిరి ఏదో జోకు వేశాడు. ఈసారి మాస్టారు ఎందుకు నవ్వారో నాకు వినపడింది.

ఆ మధ్యాహ్నం, నియమాన్ని పక్కనబెట్టి, రీడింగ్ హాల్లో కూర్చుని ఆ అనామకుడి పుస్తకం తెరిచాను. నలభయ్యో పేజీలో ఉంది. కారు ఆగినప్పుడు పెట్రోలు ఆదా కోసం ఇంజన్ దానంతటదే ఆగుతుందట, బ్రేకు మీద కాలు తియ్యగానే దానంతటదే నడుస్తుందట. బ్యాటరీ నీరసంగా ఉంటే మాత్రం ఆ ఏర్పాటు పనిచెయ్యదట. అంటే, ఇద్దరు పెద్దమనుషుల చేత నేను చెడిపోని కారును తోయించాను!

మీరైతే ఏం చేసేవారు? మర్నాడు వెళ్లి నిజం చెప్పి, క్షమించమని అడిగేవారు. నేను మర్నాడు వెళ్లి, చాయ్ బండి ఎదురుగా బ్రేకు తొక్కి, హారన్ కొట్టాను.

“మళ్లీ ఆగిందా?”

“మళ్లీ ఆగింది మాస్టారూ!”

ఐలేసా. చాయ్.

ఇలా ఎనిమిది రోజులు. మూడో రోజునుంచి మాస్టారు తోసేముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, “ప్రభువా, ఈ బండినీ దీన్ని నడిపేవాణ్ణీ సరిచెయ్యి” అని ప్రార్థన చెయ్యసాగారు. లోపల నేను సీట్లో ఇంతింతగా కుంచించుకుపోయేవాణ్ణి. ఆరో రోజు ఎండ మండిపోతోంది. వాళ్లు చాయ్ గ్లాసులు దించి వచ్చేలోపే, ఏసీకి బలం చాలలేదో ఏమో, ఇంజన్ దానంతటదే లేచి కూర్చుంది.

“అన్నా, ఆపు ఆపు! మేమింక చేతులే వెట్టలే!” అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు యాదగిరి.

నేను గాబరాపడి బటన్ నొక్కి ఇంజన్ ఆపేశాను. వాళ్లు ఐలేసా అన్నారు. మళ్లీ బటన్ నొక్కాను. ‘యాదగిరి అలా ఎందుకు అరిచాడు?’ అని ఒక్కసారైనా నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. అంత చదువు చదివానండీ నేను.

తొమ్మిదో రోజు మాస్టారు రాలేదు.

“నడుం పట్టేసిందట. మంచం మీదున్నడు” అన్నాడు యాదగిరి.

నా నోట్లో చాయ్ చేదైపోయింది. డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన నడుము నా అబద్ధానికి విరిగింది. కారు అక్కడే వదిలేసి, యాదగిరి వెంట మాస్టారింటికి నడిచాను. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు. గదంతా నొప్పి మందు వాసన.

“మాస్టారూ, నన్ను క్షమించండి. ఆ కారు ఎప్పుడూ చెడిపోలేదు. మొదటిరోజు తెలియక పిలిచాను. తక్కిన రోజులన్నీ తెలిసే పిలిచాను. మీ నడుము నావల్లే…”

మాస్టారు యాదగిరి వైపు చూశారు. యాదగిరి గోడవైపు తిరిగి ఉన్నాడు, భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను.

“ఒరేయ్, నవ్వక చెప్పరా” అన్నారు మాస్టారు.

“అన్నా, వ్యాగన్ల కింద పుట్టినోన్ని నేను. బ్రేకు మీద కాలువెట్టి తొయ్యమంటివి. కాలు తీస్తె అదే లేస్తదని నాకు తెల్వదా? మొదటిరోజే మాస్టారుకు చెప్పిన.”

“మరి ఎనిమిది రోజులు తోశారు!”

“ఎవరు తోశారయ్యా?” అన్నారు మాస్టారు. “చేతులు ఆనించాం, అంతే. ఐలేసా అనడానికి నోరు చాలు, నడుం ఎందుకు? ఇది నిన్న చర్చిలో బెంచీలు జరుపుతుంటే పట్టింది. నీ కారుకు అంత సీను లేదు.”

నేను కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను. “ప్రార్థన కూడా ఉత్తదేనా మాస్టారూ?”

“ఛ! ప్రార్థనతో ఆటలాడతానా? నడిపేవాణ్ణి సరిచెయ్యమన్నాను గదా. బండి పేరు ఊరికే కలిపాను, నువ్వు నొచ్చుకుంటావని.”

“తెలిసీ రోజూ ఎందుకొచ్చావు యాదగిరీ?” అన్నాను చివరికి.

అతను నవ్వడం ఆపాడు. “నువ్వు పిలిచినవ్ గదన్నా. కారు కొన్నంక నువ్వు అద్దం దించి పిలిచింది గప్పుడే.”

గేటు దాకా ఇద్దరం నడిచొచ్చాం. కారు తలుపు తీసి, సంచికి పెట్టిన బెల్టు విప్పి, దాన్ని వెనక పడేశాను. యాదగిరి సీటు వంక చూశాడు.

“పేపరేదన్నా?”

“లేదు. ఎక్కు.”

“మరక వడ్తది మల్ల.”

“పడనీ.”

ఎక్కాడు. కూర్చోగానే కారు టింగ్ టింగ్ అంది.

“ఏందిది, మొత్తుకుంటున్నది?”

“పక్క సీట్లో మనిషి కూర్చున్నాడట. బెల్టు పెట్టుకోవాలట.”

“మరి గా సంచికెందుకు బెల్టు వెట్టినవ్?”

“దాన్నీ మనిషే అనుకుంది.”

యాదగిరి బెల్టు లాక్కుంటూ అన్నాడు, “దాని తప్పేంలేదు తియ్యన్నా. నువ్వు గూడ గట్లనే అనుకుంటివి.”

ఆ మీగడ సీటు మీద ఇప్పుడు ప్యాంటు ఆకారంలో ఒక గ్రీజు మరక ఉంది. ఏ సబ్బుకూ లొంగలేదు. ఆ మరక మీద చెయ్యి వేసి, పాఠకులారా, మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. మనిషి కూర్చునే చోట మళ్లీ పేపరు పరచను. మనుషులతో పనిపడితే కారు మీద నెపం పెట్టకుండా, ‘ఊరికే రండయ్యా, తోచడం లేదు’ అని నోరారా పిలుస్తాను. రచయిత పేరు లేకపోయినా నలభయ్యో పేజీ ముందే చదువుతాను.

గేటు దగ్గర ఇంజన్ ఇప్పటికీ ఆగుతుంది. దాన్ని ఆగకుండా చేసే మీట ఎక్కడుందో నలభై ఒకటో పేజీలో రాశారట. ఆ పేజీ మాత్రం ఛస్తే చదవను.